ఇరవై నిమిషాలు జేబులో ఉన్న గవ్వ

ప్రశ్న: మాది కాకినాడ. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిన్నరగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాం. మూడు వారాల కిందట నీల్ ద్వీపం వెళ్ళాం. సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ నేచురల్ బ్రిడ్జి దగ్గర రాళ్ళ మీద నడుస్తుంటే, మా పదేళ్ళ బాబు ఒక రాయి తిరగేసి, దాని కింద దొరికిన నాలుగు వేళ్ళ పొడవు గవ్వను నిక్కరు జేబులో వేసుకున్నాడు. దాని మీద మ్యాపులో గీతల్లాగా గోధుమరంగు మచ్చలున్నాయి. ఇరవై నిమిషాల తర్వాత మా పడవాయన అది చూసి, కంగారుగా వాడి నిక్కరు విప్పించి, జేబు దులిపి, గవ్వను కర్రతో నీళ్ళలోకి నెట్టేశాడు. "ఇది కుడితే మనిషి బతకడు" అన్నాడు. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే అది కోన్ నత్త అని, కుట్టాక ఒక సిగరెట్ కాల్చేంత టైమే ఉంటుందని చదివాను. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ విషం తర్వాతెప్పుడైనా పనిచేస్తుందా? వాడు ఏడాదిగా ఏరుకున్న గవ్వల డబ్బా ఇంట్లో ఉంది, అది ప్రమాదమా? భయమేసి బీరువా పైన దాచేశాను. వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బీచ్‌కు వెళ్ళడం మాన్పించాను. మావారు నాది డ్రామా అంటున్నారు. అత్తగారు పిల్లాణ్ణి తీసుకుని కాకినాడ వచ్చేయమంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.

సమాధానం:

అమ్మా,

ముందు ఈ రాత్రి మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. మీ బాబుకు ఇక ఏమీ కాదు. కోన్ నత్త కుడితే దాని ప్రభావం నిమిషాల్లోనో, కొద్ది గంటల్లోనో బయటపడుతుంది. ఒంట్లో దాక్కుని వారాల తర్వాత లేచే విషం కాదు అది. మూడు వారాలుగా వాడు బడికి వెళ్తున్నాడు, అన్నం తింటున్నాడు, మీ మీద అలిగి కూర్చున్నాడు. అంటే ఆ రోజు అది వాణ్ణి కుట్టలేదన్నమాట. ఏ రక్తపరీక్షా అక్కర్లేదు. డాక్టర్ల చుట్టూ తిప్పకండి.

అయితే మీ భయం డ్రామా కాదు. ఈ మాట మీవారితో నా మాటగా చెప్పండి. మీరు రాసిన గుర్తులను బట్టి అది జియోగ్రఫీ కోన్ అనిపిస్తోంది. శాస్త్రీయ నామం కోనస్ జియోగ్రాఫస్. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. పాత భూగోళ పటాల్లో దేశాల హద్దుల్లాగా దాని మీద గోధుమరంగు వలగీతలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. మిగతా చాలా కోన్ నత్తల గవ్వలు బరువుగా, గట్టిగా ఉంటాయి. దీనిది పల్చగా, తేలికగా, నోరు వెడల్పుగా ఉంటుంది. పెద్దదైతే పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బలున్న చోట్ల ఉంటుంది. పగలంతా ఇసుకలో, పగడపు రాళ్ళ కింద దాక్కుని రాత్రి వేటకు బయలుదేరుతుంది. మీవాడు రాయి తిరగేశాడన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం బలపడింది. కళ్ళతో చూడకుండా ఇదేనని ఖాయంగా చెప్పలేను కానీ, కోన్ నత్తలన్నిటిలో మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసింది ఈ జాతే. పడవాయన ఆలోచిస్తూ నిలబడకుండా జేబు దులిపించాడు. మళ్ళీ నీల్ వెళ్ళినప్పుడు ఆయన్ని వెతికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టండి.

కోన్ అంటే మన లెక్కల పుస్తకంలోని శంకువు. ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నగా ఉంటుంది. ఈ ఆకారంలో ఎనిమిది వందలకు పైగా జాతులున్నాయి. ఎక్కువ జాతులు సముద్రపు పురుగుల్ని తింటాయి. కొన్ని తోటి నత్తల్ని తింటాయి. కొద్ది జాతులు మాత్రమే చేపల్ని పడతాయి. చేపను పడగొట్టగల విషమే మనిషికి ఎక్కువ ప్రమాదం. చేపలకూ మనకూ నరాలు పనిచేసే తీరులో పోలిక ఎక్కువ కావడమే దానికి కారణం. నత్తల్ని తినే వాటిలో టెక్స్‌టైల్ కోన్ అని ఒకటుంది, బంగారు రంగు గుడ్డ మీద తెల్లటి గుడారాలు అద్దినట్టు ఉంటుంది. చూస్తే చేయి చాపకుండా ఉండటం కష్టం. దాన్నీ ముట్టుకోకూడదు.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. మన దగ్గర బీఎస్సీ చదివిన వాళ్ళకు పైలా గుర్తుంటుంది, చెరువుల్లో దొరికే నత్త. ప్రాక్టికల్స్‌లో దాని నోట్లోంచి రాడులా అనే చిన్న రిబ్బను తీసి గాజు పలక మీద పరిచేవాళ్ళం. మైక్రోస్కోపు కింద పెడితే వరసలు వరసలుగా పళ్ళు కనిపించేవి. నాచును కోరాముతో కోరినట్టు గీరుకుని తినడానికి ఆ పళ్ళు. కోన్ నత్తలకు కూడా పూర్వం నుంచి వచ్చినవి ఆ పళ్ళే. కాకపోతే వాటిలో ఒక్కొక్క పన్నూ చుట్టుకుపోయి, లోపల బోలుగా, కొసన గాలానికి ఉన్నట్టు ముల్లుతో, ఇంజెక్షన్ సూదిలా మారిపోయింది. అలాంటి సూదులు ఒక సంచిలో సిద్ధంగా ఉంటాయి. వేటాడే వేళ ఒక్కటి తొండం కొసకు వస్తుంది. వెనక పొడవాటి గొట్టంలో తయారైన విషాన్ని కండరాల తిత్తి ఒకటి పిండి ఆ సూదిలోకి తోస్తుంది. గుచ్చిన సూది అక్కడే ఉండిపోయినా నత్తకేం ఫర్వాలేదు, వెనక ఇంకొకటి ఉంటుంది.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది "వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదు" అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ తొండం సాగుతుంది, వంగుతుంది, వెనక్కి తిరిగి గవ్వ పక్కల దాకా వస్తుంది. బతికున్న కోన్‌ను పట్టుకోవడానికి సురక్షితమైన వైపు అంటూ లేదు. జేబు గుడ్డను దాటి గుచ్చగలదు. పల్చటి చేతి తొడుగులు నమ్మకం కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను స్టడీ టూరుకు రామేశ్వరం దగ్గరి మండపం ఊరికి తీసుకెళ్ళాను. ఒడ్డున జాలర్లు వల దులిపి పారేసిన వాటిలో ఒక కోన్ నత్త కనిపించింది. మెల్లగా కదులుతోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. నలభై మంది పిల్లలు చుట్టూ మూగారు. ఇద్దరు ముగ్గురు వేలితో తాకారు కూడా. అది ఏ జాతో ఇప్పటికీ తెలియదు. తిరిగి వచ్చాక లైబ్రరీలో ఈ నత్తల గురించి చదివి, నా చేతిని నేనే చూసుకుంటూ ఆ రాత్రంతా కూర్చున్నాను. నా చేయి కంటే ఆ పిల్లల వేళ్ళే కళ్ళ ముందు మెదిలాయి. మీ ఉత్తరం చదవగానే మళ్ళీ ఆ రాత్రి గుర్తొచ్చింది. అందుకే మీ మూడు వారాల నిద్రలేమి నాకు అర్థమవుతుంది.

ఇక ఆ సిగరెట్ మాట. అది నిజం కాదు, పైగా హాని చేసే అబద్ధం. "ఎలాగూ టైం లేదు" అనుకుంటే మనిషి చేతులెత్తేస్తాడు. నిజానికి టైం ఉంటుంది. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ ద్వీపంలో ఒక యువకుడు జియోగ్రఫీ కోన్‌ను అరచేతిలో పెట్టుకుని చాకుతో పైపొర గీరుతుంటే కుట్టింది. నొప్పి లేదు, కొంచెం తిమ్మిరి అంతే. తర్వాత పెదాలు బిగుసుకున్నాయి, చూపు మసకబారింది, కాళ్ళు పట్టు తప్పాయి, స్పృహ పోయింది. ప్రాణం పోయింది సుమారు ఐదు గంటలకు. ఆ కాలంలో, ఆ దీవిలో ఆ ఐదు గంటల్ని వాడుకునే వీలు లేకపోయింది.

అంతకు చాలా ముందే, ఇప్పటి ఇండోనేషియాలోని అంబోన్ ద్వీపంలో ఉద్యోగం చేస్తూ అక్కడి సముద్ర జీవుల గురించి రాసిన రంఫియస్ ఇలాంటిదే నమోదు చేశాడు. ఆయన పుస్తకం 1705లో అచ్చయింది. బాండా దీవుల్లో ఒక బానిస స్త్రీ, ఒడ్డుకు వల లాగుతుండగా కనిపించిన చిన్న నత్తను చేతిలో పట్టుకుంది. చేతిలో సన్నటి దురద మొదలై, భుజం దాకా పాకి, ఒళ్ళంతా వ్యాపించి చనిపోయింది. ఆమె పేరు ఎవరూ రాయలేదు. మన తీరంలో అలివి వల లాగే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది. ఆమె నుంచి ఇప్పటిదాకా, మూడు వందల ఏళ్ళకు పైబడిన కాలంలో, రికార్డుల్లోకి ఎక్కిన మరణాలు కొన్ని పదులే. అదే సముద్రం నుంచి అన్నం తినే కోట్లమందిని తలచుకుంటే ఇది ఎంత అరుదో మీకు తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఒక కాగితం మీద రాసి మీరూ మీవారూ ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. దీవుల్లో ఉంటున్నారు కాబట్టి పక్కింటి వాళ్ళకైనా పనికొస్తుంది.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. పాముకాటుకు ఇచ్చే ఇంజెక్షన్ దీనికి పనిచేయదు. కానీ ప్రాణం తీసేది గుండెపోటో మరొకటో కాదు, ఊపిరి కండరాలు పనిచేయకపోవడం. నరం నుంచి కండరానికి కబురు అందకుండా విషం అడ్డుపడుతుంది. ఆ కొద్ది గంటలూ, అవసరమైతే ఒకటి రెండు రోజులూ మనిషికి బయటి నుంచి ఊపిరి అందిస్తే విషం తన పని ముగించుకుని పోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. అందుకని వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరడమే అసలు వైద్యం. కుట్టిందన్న అనుమానం రాగానే, నొప్పి ఉన్నా లేకపోయినా, 112కు ఫోన్ చేసి బయలుదేరాలి. పెద్ద జియోగ్రఫీ కోన్ కుట్టినప్పుడు నొప్పి అసలు లేకపోవచ్చు కాబట్టి "నొప్పి లేదుగా, చూద్దాం" అని ఆగకూడదు. పెదాల చుట్టూ తిమ్మిరి, కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం... ఇవి వచ్చేదాకా ఎదురు చూడకండి.

దారిలో చేయవలసింది ఏమిటంటే, కుట్టిన చేతినో కాలినో కదలనివ్వకూడదు, మనిషిని నడిపించకూడదు. వెడల్పాటి బ్యాండేజి, లేదంటే చీర చింపిన గుడ్డ, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. బెణికిన కాలికి కట్టేంత బిగువు చాలు. పక్కన ఒక చెక్క పెట్టి కదలకుండా కట్టాలి. తాడుతో బిగించి రక్తం ఆపేయకూడదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు. పసుపు, సున్నం, నాటు మందు అంటూ సమయం పోగొట్టుకోకూడదు. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదుతూనే ఉండాలి, ఆసుపత్రి వచ్చేదాకా. ఇంకొక మాట, ఇది నా మనసును ఎప్పుడూ కలచివేసే విషయం. ఒళ్ళంతా చచ్చుబడి కళ్ళు కూడా తెరవలేని మనిషికి లోపల స్పృహ ఉండి, మన మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. పక్కన ఉన్నవాళ్ళు ఏడవకుండా "ఆసుపత్రికి వెళ్తున్నాం, నీకు ఏం కాదు" అని చెబుతూ ఉండాలి.

గవ్వల డబ్బా సంగతికి వస్తాను. దాన్ని బీరువా మీద నుంచి దింపండి. విషం ఉండేది నత్త మెత్తటి శరీరంలో, గవ్వలో కాదు. నత్త చచ్చి, కుళ్ళి, కడిగి ఆరబెట్టిన ఖాళీ గవ్వలో విషం ఉండదు. మీ అత్తగారి పూజ గదిలో శంఖం ఎంత సురక్షితమో ఇదీ అంతే. కానీ ఒకసారి మీరూ బాబూ కలిసి కూర్చుని ప్రతి గవ్వలోకీ టార్చిలైట్ వేసి చూడండి. ఏడాదిగా ఎండిన వాటితో ఇబ్బంది లేదు. మొన్న మొన్న తెచ్చినది ఏదైనా ఉండి, లోపల మాంసం కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా చేత్తో పట్టుకోకుండా పెద్దవాళ్ళు తీసేయండి. బతికున్న కోన్‌ను గుర్తుపట్టడానికి ఒక సులువైన గుర్తు ఉంది. ఒడ్డున ఎండలో మెరిసే గవ్వ సాధారణంగా ఖాళీది. నీళ్ళలో బతికున్నదాని మీద మురికి పట్టినట్టు పల్చటి చర్మంలాంటి పొర ఉండి రంగులు మసకగా కనిపిస్తాయి. అయినా పదేళ్ళ పిల్లాడికి ఆ తేడా అప్పజెప్పకూడదు. వాడికి చెప్పవలసినది ఒక్కటే: శంకువులా ఉన్నది నీళ్ళలో ఉంటే ముట్టుకోవద్దు.

గుండ్రంగా, నున్నగా, కింద పళ్ళున్న నోరుతో ఉండే మన పచ్చీసు గవ్వలు వేరు. అవి కుట్టవు. వామనగుంటలకు దాచుకున్న గవ్వల్ని చూసి కూడా మీరు ఉలిక్కిపడుతూ ఉండి ఉంటారు, ఆ భయం వదిలేయండి.

ఒక విషయంలో మాత్రం నేను మీ బాబు పక్షం కాదు. అండమాన్ తీరంలో గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని తీసుకుపోవడం మీద ఆంక్షలున్నాయి. అనుమతి లేకుండా తెచ్చుకున్నవి విమానాశ్రయంలో పట్టుకుంటారు. కొన్ని జాతుల గవ్వలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది. గ్లోరీ ఆఫ్ ఇండియా అని పిలిచే కోన్‌ను 2001లో పులితో పాటు ఉండే మొదటి షెడ్యూల్‌లోకి చేర్చారు. చట్టం సంగతి అలా ఉంచినా, ఖాళీ గవ్వ సముద్రంలో ఖాళీగా ఉండదు. సన్యాసి పీతలు వాటినే ఇళ్ళుగా చేసుకుంటాయి. పెరిగిన పీతకు పెద్ద గవ్వ దొరక్కపోతే ఒళ్ళు దాచుకోవడానికి చోటుండదు. ఈ సంగతి బాబుకు చెప్పి, ఏ గవ్వల్ని తిరిగి తీరంలో పెట్టాలో వాణ్ణే తేల్చుకోనివ్వండి. మీరు వాడికి చెప్పకుండా డబ్బా పారేస్తే మాత్రం, వాడు ఇంకొక డబ్బా మీకు తెలియకుండా మొదలుపెడతాడు. ఆ డబ్బాలో ఏముందో అప్పుడు మీకు తెలియదు. నిజంగా భయపడవలసింది దానికి.

కాకినాడ వచ్చేయాలా అన్నారు. ఈ నత్త కోసమైతే అక్కర్లేదు. కోన్ నత్తలు మన తూర్పు తీరంలోనూ ఉన్నాయి, తమిళనాడు వైపు మరబోట్ల వలల్లో మామూలుగా పడతాయి. అక్కడి కోనస్ అమాడిస్ అనే అందమైన నత్త విషం మీదే బెంగళూరు ఐఐఎస్‌సీలో పి. బలరామ్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. బీచ్ మాన్పించడం కంటే బీచ్‌లో ఎలా ఉండాలో నేర్పడం మేలు. మడమ, వేళ్ళు మూసే చెప్పులు వేయండి. నీళ్ళలో చేయి జేబులోనో వెనకో ఉండాలి. రాయి తిరగేయకూడదు. ఎవరైనా తిరగేసి ఉంటే పెద్దవాళ్ళు మళ్ళీ ఉన్నట్టే పెట్టేయాలి, ఎందుకంటే రాయి కింది నీడ మీద బతికేవి ఎండకు చచ్చిపోతాయి. రాత్రి వేళ దిబ్బ మీదికి పిల్లలు వద్దు. మొదటి రెండు మూడు సార్లు మీరూ వెంట వెళ్ళండి. మీకు గుండె దడ వస్తుంది, రానివ్వండి. వాడి చేయి మీ చేతిలో ఉంటుంది కదా.

మీవారికి ఒక మాట. అయ్యా, మీ భార్య మూడు వారాలుగా ఒంటరిగా మేలుకుని ఉంటోంది. ఆమె భయపడిన వస్తువు నిజంగా భయపడదగ్గదే. డ్రామా అనకండి. ఒక ఆదివారం పొద్దున మీ దగ్గర్లోని ఆసుపత్రిలో వెంటిలేటర్ ఉందో లేదో కనుక్కుని వచ్చి ఆమెకు చెప్పండి. ఆ ఒక్క పనితో ఆమెకు సగం ధైర్యం వస్తుంది.

మీ ఉత్తరం చివర పెన్సిల్‌తో పిల్లల చేతిరాతలో ఒక వాక్యం ఉంది. మీరు చూశారో లేదో. "మేడం, నత్త స్లోగా నడుస్తుంది కదా, మరి చేపని ఎలా పట్టుకుంటుంది?" అని. ఇంత మంచి ప్రశ్న నాకు ముప్పై ఏళ్ళ క్లాసుల్లో కొద్దిసార్లే వచ్చింది. ఈ మిగతా భాగం వాడికి చదివి వినిపించండి.

బాబూ, నువ్వు అడిగిందే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలూ అడిగారు. నత్త పరుగెత్తి చేపను పట్టలేదు. అందుకని చేపనే పరుగెత్తకుండా చేస్తుంది. రాత్రి పగడాల సందుల్లో చిన్న చేపలు గుంపుగా నిద్రపోతుంటాయి. నీ జేబులో ఉన్నటువంటి నత్త ముందు ఒక గొట్టం బయటికి చాపి నీళ్ళను వాసన చూస్తుంది. చేపలున్నాయని తెలిశాక దగ్గరికి చేరి నోరు తెరుస్తుంది. ఆ నోరు మన నోరులా కాదు, విసిరిన వల విచ్చుకున్నట్టు వెడల్పుగా సాగుతుంది. చేపలు అందులోకి వచ్చేస్తాయి. పారిపోవు. ఎందుకు పారిపోవు? 2015లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు కనుక్కున్నారు: ఈ నత్త విషంలో ఇన్సులిన్ ఉంది. మీ తాతయ్యకో నానమ్మకో షుగర్ ఉంటే వాళ్ళు పొడుచుకునేది అదే. ఇన్సులిన్ ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి కదా, నీళ్ళలో కలిసిన ఈ ఇన్సులిన్ తగిలిన చేపకూ అంతే. నత్త తన కోసం కాదు, చేప కోసం, చేపల ఇన్సులిన్ లాంటిదాన్నే తయారు చేస్తుంది. నీరసపడిన చేపలు వల లాంటి నోట్లోకి చేరాక లోపల ఒక్కొక్కదానికీ సూది గుచ్చుతుంది. కొన్ని గంటల తర్వాత ఎముకలు, పొలుసులు బయటికి ఉమ్మేస్తుంది.

ఇంకో విషయం. 2014లో తెలిసింది ఏమిటంటే, ఈ నత్త వేటకు ఒక విషం, తన మీదికి ఎవరైనా వస్తే ఇంకొక విషం వాడుతుంది. రెండూ ఒకే గొట్టంలో, వేరే వేరే భాగాల్లో తయారవుతాయి. మనుషుల్ని చంపగలిగేది రెండోది, భయపడ్డప్పుడు వాడేది. నీ జేబులో అది చీకట్లో, ఒత్తిడిలో ఉంది. భయపడే ఉంటుంది. అయినా గుచ్చలేదు. నీకు అదృష్టం, కానీ అదృష్టాన్ని రెండోసారి పరీక్షించవద్దు.

ఫిలిప్పీన్స్‌లో బాల్డొమెరో ఒలివెరా అని ఒక అబ్బాయి ఉండేవాడు. నీలాగే చిన్నప్పుడు గవ్వలు ఏరుకునేవాడు. పెద్దయ్యాక అమెరికా వెళ్ళి చదువుకుని తిరిగి మనీలా వచ్చాడు. అక్కడి ల్యాబులో ఖరీదైన పరికరాలు లేవు. సముద్రం నిండా కోన్ నత్తలు మాత్రం ఉన్నాయి. వాటితోనే పని మొదలుపెట్టాడు. తర్వాత యూటాలో ఆయన ల్యాబులోకి మైకేల్ మెకింటాష్ అనే కుర్రాడు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు, అప్పుడే హైస్కూలు అయిపోయింది. కోనస్ మేగస్ అనే ఇంకో చేపలు పట్టే నత్త విషంలోంచి అతను ఒక పదార్థాన్ని విడదీశాడు. అది నొప్పి కబురు వెన్నులోంచి మెదడుకు వెళ్ళకుండా అడ్డుకుంటుంది. 2004 చివర్లో అమెరికాలో అది మందుగా ఆమోదం పొందింది. పేరు జికోనోటైడ్. మార్ఫిన్ కూడా పనిచేయని నొప్పితో బాధపడే వాళ్ళకు చిన్న పంపుతో వెన్ను దగ్గరి ద్రవంలోకి బొట్టు బొట్టుగా ఇస్తారు. ఇప్పుడు నీ మ్యాపు నత్త ఇన్సులిన్‌ను చూసి, మనుషులకు ఇంకా వేగంగా పనిచేసే ఇన్సులిన్ చేయాలని ప్రయత్నిస్తున్నారు.

నీకు ఒక పని చెబుతాను. ఒక తెల్ల కాగితాల పుస్తకం కొనిపించుకో. ఈసారి దిబ్బ దగ్గరికి వెళ్ళినప్పుడు అమ్మ చేయి పట్టుకుని చూసినవన్నీ ఇంటికి వచ్చి బొమ్మ వేయి. ఏ రోజు, ఎన్ని గంటలకు, అది ఆటా పోటా, రాయి మీదా ఇసుకలోనా అని పక్కన రాసి పెట్టు. ముందుగా నీ జేబులో ఉన్నదాన్ని గుర్తున్నంత వరకు గీసి నాకు పంపు. దాని భుజం దగ్గర, అంటే గవ్వ వెడల్పు కొస అంచున, చిన్న చిన్న బుడిపెలు వరసగా ఉన్నాయో లేదో గుర్తు చేసుకో. ఉంటే, అది జియోగ్రఫీ కోన్ అనే నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది.